రాయి జరిగినంత దూరం

పొగమంచు పడితే మా దిక్కున చప్పుడు కూడా దారి తప్పుతుంది. ఆ పొద్దున గుట్ట మీద కూర్చుని నేను ఇంజను పడవ చప్పుడు వింటున్నాను. కాసేపు ఎడమ నుంచి వచ్చినట్టుండేది. కాసేపు వెనక నుంచి. వెనక నీళ్లే లేవు. వెనక ఉన్నది పల్లె, దాని అవతల మా ఊరి బాట.

కింద నాగార్జునసాగర్ నీళ్లు నిండుగా ఉన్నాయి. ఆ నీళ్ల మీది పడవలో ఇద్దరున్నారు. ఒకరు కమలాకర్ సారు, ఇంజనీరు. ఇంకొకడు నా భార్య తమ్ముడు పెద్దులు, పడవ నడిపేవాడు. ఇద్దరికీ ముందు ఏముందో కనబడదు. సారు ముంగట ఒక తెర ఉంటుంది. అది ఎటు పొమ్మంటే అటు పోతారు.

కమలాకర్ సారుది భువనగిరి. ఓడలు సముద్రం మీద ఎక్కడున్నాయో రేడియోతో చెప్పే యంత్రాలుంటాయి. అవి ఎంతవరకు నిజం చెబుతున్నాయో కొలవడం ఆయన పని. వచ్చిన మొదటి రోజు చెట్టు కింద టీ తాగుతూ ఆయనే మాకు చెప్పాడు. పైన తిరిగే ఉపగ్రహాలు ఓడకు "నువ్వు ఫలానా చోట ఉన్నావు" అని చెబుతాయట. అందులో కొంత తప్పుంటుంది. ఆ తప్పు పట్టడానికి ఒడ్డున, చోటు కచ్చితంగా తెలిసిన రాయి మీద ఒక పెట్టె పెడతారు. ఉపగ్రహం ఏం చెప్పిందో, తాను నిజంగా ఎక్కడుందో ఆ పెట్టె సరిపోల్చుకుని, తేడా ఇంత అని రేడియోలో చెబుతూనే ఉంటుంది. ఓడ ఆ తేడా దిద్దుకుని నడుస్తుంది.

పెద్దులుకు నోరు ఊరుకోదు. "అంటే సారూ, తప్పు చెప్పెటోడు ఒకడు, పక్కన కూసోని దిద్దెటోళ్లు ఒకరు. మా బావ, మా అక్క లెక్కనే గద."

"మీ అక్క దిద్దుడు నీకెక్కలేదురా," అన్నాను.

సారు నవ్వాడు. సముద్రం మీదికి పంపేముందు ఇక్కడెందుకు చూస్తున్నాడో కూడా చెప్పాడు. నడి సముద్రంలో యంత్రం తప్పు చెప్పినా ఇది తప్పని చూపడానికి గుర్తు ఉండదు. ఇక్కడ చుట్టూ గుట్టలున్నాయి. గుట్ట మీద పాత సర్వే రాయి ఉంది. నీళ్లు రాకముందు గీసిన మ్యాపు ఉంది.

ఆ రాయి తల మీద చిన్న గుంట, దాని చుట్టూ గుండ్రంగా గీత. పల్లెవాళ్లకు అది గుట్ట మైసమ్మ. పసుపు, కుంకుమ, కింద సున్నం గద్దె. దాని మీద మూడు కాళ్ల స్టాండు నిలబెడతామంటే పెద్దలు ఒకపూటంతా ఆలోచించారు. చెప్పులు విడిచి ఎక్కాలి, కొబ్బరికాయ కొట్టాలి అన్నారు. సారు రెండూ చేశాడు. చేశాక, అక్కడే ఉన్న గుర్వమ్మను అడిగాడు. ఆమె ఇంటివాళ్లే తరతరాలుగా ఆ రాయికి దీపం పెడతారు.

"అవ్వా, ఈ రాయిని ఎవరన్న కదిలిచ్చిండ్రా?"

"అమ్మను కదిలిచ్చెటోళ్లు ఎవలున్నరు సారూ," అంది గుర్వమ్మ. సారుకు అది చాలింది. నాకూ చాలింది. నాది ఆ పల్లె కాదు. సాగర్ నీళ్లలో అందరి పాత ఊరు మునిగినప్పుడు వాళ్ల తాతలు గుట్ట ఎక్కారు, మా తాతలు రెండు కోసులు అవతలికి పోయారు.

మూడు రోజులు ఎండ కాసింది. పడవ నడి నీళ్లలో తిరిగింది. సారు ఆ రాయి మీదే దుర్బిణి యంత్రం కూడా పెట్టి, పడవ ఎక్కడుందో కొలిచేవాడు. యంత్రం చెప్పిందీ, దుర్బిణి చెప్పిందీ చెయ్యెడు తేడా రాలేదు. ఒక్క విషయమే ఆయనకు మొదట్లో నచ్చలేదు. రాయి చోటును పాత కాగితం ఒక విధంగా, ఉపగ్రహం ఇంకో విధంగా చెబుతున్నాయి. ఎంత తేడా అని అడిగితే, "ఎడ్లు కట్టిన బండి ఎంత పొడుగుంటది? గంత," అన్నాడు. తర్వాత తానే తల ఊపుకున్నాడు. "పాత లెక్క వేరు, కొత్త లెక్క వేరు దశరథం. గా మాత్రం ఉంటది. కాగితమే ఖాయం." పెట్టెకు ఆ కాగితం లెక్కే ఎక్కించాడు.

నాలుగో పొద్దు పొగమంచు దిగింది. సారు మొహం వెలిగింది. ఓడలకు ఈ యంత్రం అవసరపడేది ఇలాంటప్పుడే కదా. జంటగుండ్ల సందు నుంచి పడవను లోపలికి తెస్తానన్నాడు.

పెద్దులు నవ్వు ఆగిపోయింది అప్పుడే.

జంటగుండ్లంటే నీళ్లలో మునిగిన రెండు బండలు. ఎండాకాలం పైకి తేలి ఏనుగుల్లా కనబడతాయి. చలికాలం మోకాలి లోతు నీళ్ల కింద దాక్కుంటాయి. నడుమ సందులోంచి ఒకప్పుడు పాత ఊరి బండ్లబాట పోయేది. ఇప్పుడా సందులో రెండు పడవలు పక్కపక్కన పడతాయి, అంతే. అందులో ఇంజను పెట్టి పోవడానికి పట్టపగలు కూడా పెద్దులు గడతో లోతు చూసుకుంటూ పోతాడు.

ఒడ్డున పడవ నెడుతూ మెల్లగా నాతో అన్నాడు. "బావా, కండ్లకు గంతలు కట్టిన గానుగెద్దుకైన నేల ఉంటది కాళ్ల కింద. నాకేమున్నది?"

"పోనని చెప్పు."

"మూడు దినాలు చూస్తి గద. తప్పు చెప్పలే అది." పడవను ఇంకోసారి నెట్టి, "అక్కకు చెప్పకు. వచ్చినంక నేనే చెప్త," అన్నాడు.

సారు నాకు రెండు మాటలు చెప్పాడు. పెట్టె దగ్గరికి మేకలు రాకుండా చూడాలి. వైరు ముట్టొద్దు, ఎవరినీ ముట్టనియ్యొద్దు. "గుట్ట మీది పెట్టె ఆగిపోతె పడవల సైరన్ మోగుతది. మోగితె మేము ఇంజను బంద్ జేయాలె. అయితె ఇయ్యాల్టి పని ఖతం. అందుకే పైలం." చేతిలో పెట్టుకునే చిన్న వైర్‌లెస్ సెట్టు ఒకటి ఇచ్చి మీట చూపించాడు. గుట్ట మలుపు తిరిగాక అది పలకదు, పెద్ద ఏరియల్ ఉన్న పెట్టె మాటే అంతదూరం పోతుంది అని కూడా చెప్పాడు.

అలా నేను గుట్ట మీద కూర్చున్నాను. స్టాండు మీద బోర్లించిన గిన్నెలాంటిది ఒకటి. కింద పెట్టె, పక్కన బండి బ్యాటరీ. పెట్టె మీద పచ్చ దీపం ఆరుతూ వెలుగుతూ ఉంది. దాని కింద మైసమ్మ.

గుర్వమ్మ వచ్చిన అలికిడి నాకు వినిపించలేదు. పొగమంచులోంచి ముందు దీపం వచ్చింది, తర్వాత ఆమె వచ్చింది. నన్ను చూసి కూడా చూడనట్టే గద్దె ముందు కూర్చుంది. ఒత్తి సరిచేస్తూ గొణిగింది. వాళ్ల మేక రాత్రి చచ్చిందట. పిల్లకు జ్వరమట. మంచు ఇడుస్తలేదట.

"కోపమైతివా తల్లీ," అంది. "పాత జాగల నుంచి లేపితిమని కోపమైతివా. నెత్తి మీద మూడు కాళ్ల భూతాన్ని నిలబెట్టనిస్తిమని కోపమైతివా."

రెండో మాట నాకు తెలుసు. మొదటి మాట దగ్గర నా చెవి ఆగింది.

"అవ్వా, ఏ పాత జాగ?"

ఆమె ఉలిక్కిపడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏం లేదు కొడుకా."

"అమ్మను లేపిండ్రా? ఎప్పుడు?"

"లేపలే. అమ్మనే వచ్చింది."

"ఎక్కడికెల్లి వచ్చింది?"

"గా పేరు ఎత్తొద్దు," అంది. "జాగ మార్చినంక పాత జాగ ముచ్చట తియ్యొద్దు. తీస్తె మళ్ల అటే పోతది. ఊరు ఊరంత ఒట్టు పెట్టుకున్నం. నువ్వు పరాయూరోనివి, నిన్ను అడగనియ్య."

నాకు అర్థమైంది. సారు అడిగినప్పుడు ఆమె అబద్ధం చెప్పలేదు. వాళ్ల లెక్కలో అమ్మను ఎవరూ కదపలేదు. అమ్మ వచ్చింది.

పడవ చప్పుడు కొంచెం పెరిగింది. నేను లేచి నిలబడ్డాను.

"అవ్వా, నీ కాళ్లు మొక్కుత. పడవల మా పెద్దులున్నడు. గా పెట్టె ఈ రాయి ఏడుందంటె ఆడనే ఉందని నమ్మి వాళ్లకు తొవ్వ చెప్తాంది. రాయి జరిగితె వాళ్లు బండల మీదికి పోతరు. పేరు ఎత్తకు. ఎటో చూపియ్యి చాలు."

ఆమె నా మొహం చూసింది, రాయిని చూసింది. ఆ తర్వాత తల తిప్పకుండా గడ్డంతో చూపింది. పడమటి దిక్కు. అక్కడ పొగమంచులో నల్లగా, పొడుగ్గా నీళ్ల ట్యాంకు నీడ ఉంది. తర్వాత పల్లెలో విన్నాను, ట్యాంకు కట్టడానికి జేసీబీ వచ్చినప్పుడు రాయి దాని కిందికి పోతుందని, గద్దెతో సహా తవ్వి, డప్పులు కొట్టి, మొహం మునుపటి దిక్కే ఉండేలా తూర్పుకు తెచ్చి నిలబెట్టారట. సున్నం కొత్తగా వేశారు. ఆ గద్దె చూసి దాన్ని ఎవరన్నా కదిపారని ఏ ఇంజనీరూ అనుకోడు.

రాయి నుంచి ట్యాంకు దాకా చూశాను. ఎడ్లు కట్టిన బండి ఒకటి పట్టేంత. సారు అన్న తేడా అంతే.

కింద పెట్టిన సెట్టు అందుకున్నాను.

వైర్‌లెస్ మీట నొక్కాను. "సారూ! సారూ, దశరథాన్ని. పడవ ఆపుండ్రి. రాయి జరిగింది." వదిలాను. గరగరమంది. మళ్లీ నొక్కాను. మళ్లీ గరగర. మలుపు దాటిపోయారు. అరిచాను. నా అరుపు పొగమంచులో దూది మీద పడ్డ రాయిలా పడిపోయింది. ఇంజను మోతలో కూర్చున్నవాళ్లకు అది వినిపించదు.

ఇప్పుడు చప్పుడు ఎదురుగా వస్తోంది. పడవ ఒడ్డు దిక్కు తిరిగింది. అంటే సందు వైపే.

పెట్టె మీద పచ్చ దీపం ఆరుతూ వెలుగుతూ ఉంది. వైరు మీద చెయ్యి పెట్టాను. తియ్యలేకపోయాను. వాళ్లు సరిగ్గా సందు నడుమ ఉండి, నేను ఇప్పుడు తీస్తే? సైరన్‌కు కంగారుపడి పెద్దులు చుక్కాని తిప్పితే? మేక తగిలి ఆగిందిలే అనుకుని సారు పొమ్మంటే? ఒకవేళ గుర్వమ్మ ముసలితనంలో ఏదో అంటే? అడగడానికి ఎవరూ లేరు. ముందుకు చూస్తే తెల్లగా ఉంది. వెనక్కి చూసినా తెల్లగానే ఉంది.

"తియ్యి కొడుకా," అంది గుర్వమ్మ. ఆమె కళ్లు మూసుకుని ఉంది.

బ్యాటరీ నుంచి వైరు లాగేశాను. పచ్చ దీపం ఆరి, మళ్లీ వెలగలేదు.

ఇంజను ఆగలేదు. అలాగే కొట్టుకుంటోంది. నేను వింటున్నాను. కొట్టుకుంటోంది. కొట్టుకుంటోంది. అప్పుడు తగ్గింది. ఆగింది. ఆ ఆగిన వెనకనే ఇంకో చప్పుడు వచ్చింది. ఎండు కట్టె మీద గొడ్డలి దెబ్బలాంటిది, ఒక్కటే. దాని తర్వాత ఏమీ లేదు.



గుట్ట ఎలా దిగానో గుర్తు లేదు. మోకాలు చీరుకుపోయిందని సాయంత్రం నా భార్య నిర్మల చెబితే చూసుకున్నాను. నీళ్ల దగ్గరికి వచ్చి బండ్లబాట కోసం వెతికాను. అది ఒడ్డు మీంచి నేరుగా నీళ్లలోకి దిగుతుంది. దాని వరసలోనే సందు ఉంది. అడుగు అడుగుకూ వంగి చేత్తో తడుముతూ పోయాను. చక్రాలు కోసిన గాడి రాతి మీద చేతికి తగిలింది. అదేనా, పక్క చేను గాడా? తెలియలేదు. ఇంకొంచెం తడిమితే రెండో గాడి దొరికింది. నడుమ నిలబడి అరిచాను.

"పెద్దులూ!"

నీళ్లు గట్టుకు తగిలిన చప్పుడు తప్ప ఏమీ లేదు.

"పెద్దులూ! ఓ పెద్దులూ!"

"ఏడ సచ్చినవ్ బావా!" దూరం నుంచి సన్నగా వచ్చింది. "మేకలు గాసుడు గిట్లనేనా! పెట్టె ఎట్ల బందయింది?"

తిట్టు విని అంత సంతోషం నాకు ఎప్పుడూ కాలేదు. ఆ సంతోషం ఎక్కువసేపు లేదు.

"పడవ పగిలింది," అన్నాడు పెద్దులు. "అడుగున చీలింది. నీళ్లొస్తున్నయ్. సారు టిఫిన్ డబ్బతోని ఎత్తి పోస్తున్నడు. ముంగట బండ తగుల్తాంది. ఎటు పోవాల్నో చెప్పు!"

ఇద్దరికీ నీళ్లలో తేలే జాకెట్లున్నాయి. పెద్దులుకు ఈత వచ్చు. కానీ పొగమంచులో ఒడ్డు తెలియనివాడు ఈదితే నడి నీళ్లకే పోతాడు. చలికి చేతులు ముందే పట్టేస్తాయి.

"నేనే తీసిన వైరు!" అరిచాను. "సారూ, రాయి అసలు జాగల లేదు! జరిగింది!"

"ఎటు?" సారు గొంతు చీలిపోయి ఉంది. "ఎటు జరిగింది దశరథం? ఎంత?"

"తూర్పుకు! ఎడ్లు కట్టిన బండంత!"

కాసేపు డబ్బా చప్పుడు కూడా ఆగిపోయింది. నాకు ఆ లెక్క రాదు. రాయి తూర్పుకు జరిగితే పడవ అటు పోతుందా, ఇటు పోతుందా, నేను అక్కడే నిలబడి ఎంత ఆలోచించినా తేలలేదు. ఆయన తప్పు లెక్కేస్తే ఇంకో బండ మీదికి పోతారు.

"రాయి ఎటు జరిగితే మనమూ అటే జరిగినం," అన్నాడు సారు, పెద్దులుతో. నీళ్ల మీద మాట స్పష్టంగా వచ్చింది. "సందుకు తూర్పున ఉన్నం. తూర్పు గుండు మీదికొచ్చినం. ఎడమకు పోవాలె. బండ వెంబడే ఎడమకు."

"బావ గొంతు ముంగట నుంచి వస్తాంది గదా?"

"గదే మనకు ఉత్తరం. దాన్ని మొహం ముంగట పెట్టుకో."

"బావా, మాట్లాడు! ఆపకు! నువ్వు ఆగితే ఎటో సమజైతలేదు!"

నాకు మాటలు రావు. పెళ్లిలో కూడా నాలుగు మాటలు మాట్లాడినవాణ్ణి కాదు. ఓ, ఓ అని అరిచాను. ఎడ్లను పిలిచినట్టు పిలిచాను. అది అయిపోయింది. ఇంకేం చెప్పాలో తెలియక, నా కాళ్ల కింది బాట గురించి మా నాయిన చెప్పింది చెప్పడం మొదలుపెట్టాను. ఇది మన తాతల బండ్లబాట. ఈడ కుమ్మరోళ్లు కుండలు కాల్చె ఆము ఉండె. జర దిగితె చింతతోపు. ఆడ బండ్లు ఆపి ఎడ్లకు నీళ్లు పెడుతుండ్రి. దాని కింద మంగలోళ్ల బాయి. ఆ బాయి దాటితె జంటగుండ్లు.

నీళ్లలోంచి గడ బండకు తగిలే చప్పుడు వస్తోంది. టక్. టక్. మళ్లీ టక్.

"బండనే ఉందింక!" పెద్దులు గొంతులో ఏడుపు దగ్గరగా ఉంది. "సారూ, నీళ్లు పిక్కలదాక వచ్చినయ్!"

"ఎడమకే పో."

నేను మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఆము. చింతతోపు. బాయి. గొంతు పగిలింది. పగిలిన గొంతుతోనే చెప్పాను. ఆగితే వాళ్లు ఎటో పోతారు అన్నది ఒక్కటే ఉంది తలలో.

టక్. తర్వాత చప్పుడు రాలేదు. గడ బండను దాటి కింద నేలకు దిగింది.

"అందింది!" పెద్దులు అరిచాడు. "బాట అందింది! నేల గట్టిగుంది!"

"ఇగ గొంతు మీదికే తియ్యి," అన్నాడు సారు.

ఎంతసేపు పట్టిందో తెలియదు. ముందు గడ కొన కనబడింది, తర్వాత పడవ ముక్కు, నీళ్లకు సమంగా. చివరికి పెద్దులు. వాడి మొహం వాడిది కాదు. సారు మోకాళ్ల మీద కూర్చుని డబ్బాతో పోస్తూనే ఉన్నాడు. పడవ ఒడ్డుకు తగిలినా పోస్తూనే ఉన్నాడు.

నేనూ చెబుతూనే ఉన్నానట. పెద్దులు దిగి వచ్చి నా రెండు భుజాలు పట్టుకున్నాడు.

"వచ్చినం బావా. ఇగ ఊకో. వచ్చినం."

గడ్డి పోగేసి మంట పెట్టాం. సారు జాకెట్టు విప్పలేదు. మంటను చూస్తూ అన్నాడు.

"మూడు దినాలు చెయ్యెడు తేడా రాలే అని సంతోషపడ్డ. పెట్టె గా రాయి మీదనే. దుర్బిణి గా రాయి మీదనే. రెండూ ఒక్కతీరుగ తప్పు చెప్తె తేడా ఎట్ల కనపడతది?"

పెద్దులు మంటలో ఇంకాస్త గడ్డి వేశాడు.

"గీ లెక్క పట్టుకపోయి ఓడల మీద పెడుదుం," అన్నాడు. ఆయన పళ్లు కొట్టుకుంటున్నాయి. "ఒడ్డు పొడుగునా గిసొంటి రాళ్లు ఎన్నో ఉన్నయ్ దశరథం. ఎవలు చూసొచ్చిండ్రు వాటిని?"

"ముందుగాల బట్టలు ఇప్పు సారూ," అన్నాడు పెద్దులు. "జ్వరమొస్తది."

సారు లేవలేదు. పెద్దులూ లేవలేదు. ఇంటికి పోదామని నేనూ అనలేదు. మంచు విడిచేదాకా ముగ్గురం ఆ బండ్లబాట మీదే, నీళ్ల దిక్కు వీపు పెట్టి కూర్చున్నాం.